తుఫాను హెచ్చరిక వస్తే బలవంతంగా ఊరు ఖాళీ చేయించవచ్చా?

బరంపురం వాసి:
వాతావరణ శాఖ అంచనా ఇస్తుంది, కలెక్టరు ఉత్తర్వు ఇస్తారు, మన ఒడిశా గోపాల్‌పూర్ తీరంలోని తెలుగు మత్స్యకారులు ఇళ్లకు తాళాలు వేసి షెల్టరు దారి పడతారు. రానన్నవారిని పోలీసులు తరలించడం సబబేనా? నా మటుకు సబబే. 1999 అక్టోబరు 29 నాటి పెను తుఫానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందే సుమారు పది లక్షల మందిని తరలించడంతో మరణాలు పదుల్లోనే ఆగాయి. అది సూపర్ సైక్లోన్, అంటే అన్నిటికన్నా తీవ్రమైన తుఫాను అవుతుందని విదేశీ నిపుణులు కొందరు అంటున్నా, కాదన్న మాట మీదే మన శాఖ నిలబడింది. చివరికి ఆ మాటే నిజమైంది.

తెప్పలవాడు:
ఫైలిన్ ఒక్కటే చెబితే ఎలా అన్నా? 2021 డిసెంబరులో జవాద్ తుఫాను మాటేమిటి? తెప్పలు ఇసుక మీదికి లాగాం, ఇంజన్లు విప్పి ఇంట్లో పెట్టుకున్నాం. అదేమో సముద్రంలోనే నీరసించి వాయుగుండంగా మిగిలింది. షావుకారు వడ్డీ మాత్రం నీరసించలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
మీరిద్దరూ తీరం గురించే మాట్లాడుతున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా బరాఘరాలో వానకు కొండ గుహలో తలదాచుకున్నవారి మీద కొండచరియ విరిగిపడింది. గాలి వేగం రేడియోలో వింటాం. ఏ కొండ జారుతుందో చెప్పేదెవరు?

బరంపురం వాసి:
మాస్టారూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కొండ ఊళ్లకు హెచ్చరిక వేరుగా ఉండాలన్నది ఒప్పుకుంటాను.

తమ్ముడూ, జవాద్ సంగతికి వస్తాను. తుఫాను దారి ఒక గీత కాదు, ముందుకు పోయేకొద్దీ విసనకర్రలా విచ్చుకుంటుంది. ఒక రోజు ముందు చెప్పినా పదుల కిలోమీటర్ల తేడా మామూలే. కాబట్టి కొన్ని ఊళ్లు ప్రతిసారీ ఊరికే ఖాళీ అవుతాయి. అది శాస్త్రం తప్పు కాదు. ఊరికే ఖాళీ అయిన ఊరి నష్టం ఎవరు భరించాలన్నది మాత్రం శాస్త్రవేత్త తేల్చేది కాదు, ప్రభుత్వం తేల్చాలి. అధికారులు ఆ రెండో ప్రశ్నను కూడా ‘నిపుణులు చెప్పారు’ అనే మాట కిందకు తోసేస్తున్నారు. జనం కోపం పాపం వాతావరణ శాఖ మీద పడుతోంది.

దారి లేకపోలేదు. గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్ల కోసం రుషికుల్య నది ముఖద్వారం దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఆపిస్తున్నారు, అందుకు ఎంతో కొంత భృతి ఇస్తున్నారు. తుఫాను రోజులకూ అలాగే ఇవ్వమని అడుగుదాం.

తెప్పలవాడు:
తాబేలు భృతి ఎంతమందికి అందుతోందో మా వీధికి వచ్చి అడగండి. సరే, దరఖాస్తు రాయండి, సంతకాలు నేను పెట్టిస్తాను. ఒడియాలోనే రాయండి అన్నా, తెలుగులో ఇస్తే బల్ల మీద నుంచి కదలదు.