రికవర్ అయ్యాడు, రికవర్ చేశారు

మన అనువాదకుల బృందంలో వైద్య పరిశోధన వ్యాసాలు, ఫోరెన్సిక్ నివేదికలు తెలుగులోకి తెస్తున్న మిత్రులు ‘రికవరీ’కి ఒకే మాట ఖాయం చేసుకుందాం అంటున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఇంగ్లిషు ఒక్క మాటతో నెట్టుకొస్తున్న చోట మన భాష ఎప్పుడో దారులు వేరు చేసింది. ఆ మాటను అరువు తెచ్చుకున్నాక కూడా మనం ఆ తేడా వదల్లేదు. పేషెంట్ రికవర్ ‘అయ్యాడు’ అంటాం. ఫోన్లో చెరిపేసిన ఫొటోలు రికవర్ ‘చేశారు’ అంటాం. ఒకటి మనిషి లోపల జరిగేది, ఇంకొకటి బయటివాళ్లు చేసేది. డాక్టరు రోగిని కోలుకున్నాడు అనలేం, శవం కోలుకుంది అనలేం.

వైద్యంలో కూడా అది ఒక్క మెట్టు కాదు. మత్తు దిగాక తెప్పరిల్లుతాం, షాక్ నుంచి తేరుకుంటాం, జ్వరం తగ్గి ఒళ్లు కుదుటపడుతుంది, జబ్బు నయమవుతుంది, నెలల తరబడి మంచాన ఉన్నవాడు మళ్లీ మనిషవుతాడు. ఆపరేషన్ తర్వాత ఉంచే రికవరీ గది నిజానికి తెప్పరిల్లే గది. అక్కడ వాడే ఆల్డ్రెట్ స్కోరు 1970 నాటిది. అందులో చూసేవి ఐదు: కాళ్లూ చేతులూ కదపడం, ఊపిరి, రక్తపోటు, స్పృహ, ఒంటి రంగు. తర్వాత రంగు బదులు రక్తంలో ఆక్సిజన్ చూడటం మొదలైంది. పదికి తొమ్మిది వస్తే సాధారణంగా వార్డుకు పంపుతారు. దాన్ని ‘రోగి కోలుకున్నాడు’ అని రాస్తే ఇంటివాళ్లు ఏమనుకుంటారో ఆలోచించండి.

పరిశోధన పత్రంలో అయితే నిర్వచనం చదవకుండా ఈ మాట ముట్టుకోకూడదు. కోవిడ్‌కు రెమ్‌డెసివిర్ పనిచేస్తుందా అని 2020లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నడిపిన పెద్ద ట్రయల్ ఉంది. మందు తీసుకున్నవాళ్లు 10 రోజుల్లో, తీసుకోనివాళ్లు 15 రోజుల్లో కోలుకున్నారని వార్తలు వచ్చాయి. అవి మధ్యస్థ అంకెలు, అంటే సగం మంది ఆ గీత దాటడానికి పట్టిన సమయం. మరి ఆ గీత ఎక్కడ గీశారు? ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తే చాలు, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుని ఉన్నా రికవరీ కిందే లెక్క. ఆసుపత్రిలోనే ఉన్నా, ఆక్సిజన్ గానీ వైద్యం గానీ అక్కర్లేక, జబ్బు ఇతరులకు అంటకుండా ఉంచినవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. మనం ‘కోలుకున్నాడు’ అనగానే చదివేవాడి కళ్లముందు లేచి తిరుగుతున్న మనిషి కనిపిస్తాడు. అందుకని ‘ఆసుపత్రి వైద్యం అవసరం లేని స్థితికి చేరారు’ అని రాయడమే న్యాయం. పొడుగైనా పర్లేదు.

అదే ఏడాది బ్రిటన్‌లో కోవిడ్‌కు డెక్సామెథసోన్ అనే మందు విలువ తేల్చిన ట్రయల్ పేరే రికవరీ. అందులో ప్రధానంగా లెక్కపెట్టింది 28 రోజుల్లోపు మరణాలు. అది ఇంగ్లిషు మాటల్లోని అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు కాబట్టి అనువదించకుండా అలాగే ఉంచాలి.

ఒక సభ్యురాలు: నేను టాక్సికాలజీ ల్యాబులో, అంటే విషాలను పరీక్షించే చోట, పనిచేస్తానండీ. మా పత్రాల్లో ‘రికవరీ 80 శాతం’ అని ఉంటుంది. ఒకాయన దాన్ని ‘80 శాతం రోగులు కోలుకున్నారు’ అని తెలుగు చేశారు! అందులో అసలు రోగులే లేరు. మందూ విషమూ ఏమీ లేని రక్తం తీసుకుని, అందులో మేమే 100 నానోగ్రాముల పదార్థం కలుపుతాం. తర్వాత దాన్ని రక్తం నుంచి వేరుచేసి కొలుస్తాం. 80 చేతికొస్తే రికవరీ 80 శాతం. మిగతాది గాజుకు అంటుకునో, వడపోతలోనో పోతుంది.

నా జవాబు: చాలా మంచి ఉదాహరణ అమ్మా. ఇక్కడ ‘రాబట్టిన శాతం’ అంటే సరిపోతుంది. ‘పునరుద్ధరణ’ అనొద్దు, అది పాత గుడికి, రద్దయిన పథకానికి పనికొచ్చే మాట. ఆ శాతం తక్కువైతే ఫలితం తప్పని అర్థమా?

సభ్యురాలు: కాదండీ. ప్రతిసారీ 60 శాతమే వచ్చినా నిలకడగా వస్తే లెక్క సరిచేయగలం. అదే పదార్థానికి డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన జంట అణువును ముందే తెలిసిన మోతాదులో కలిపి ఉంచుతాం. అది ఎంత పోతే ఇదీ అంతే పోయి ఉంటుందని లెక్క కడతాం. ఒకసారి 90, ఇంకోసారి 40 వస్తేనే టెన్షన్. మరీ తక్కువ రాబడితే ఇంకో చిక్కు ఉంది. శాంపిల్‌లో కొంచెమే ఉన్న విషం మా చేతికి చిక్కకపోవచ్చు. అందుకే మేం ‘విషం లేదు’ అని రాయం, ‘ఈ పద్ధతిలో ఈ మోతాదుకు పైన కనబడలేదు’ అని రాస్తాం. తెలుగులో ఆ రెండూ కలిపేయకండి, ప్లీజ్.

ఇంకో సభ్యుడు: విపత్తు వార్తల సంగతేంటి గురువుగారూ? ‘రెస్క్యూ నుంచి రికవరీకి మారారు’ అన్న వాక్యాన్ని ‘సహాయక చర్యలు కోలుకునే దశకు చేరాయి’ అని రాసింది చూశాను.

నా జవాబు: ఘోరమండీ. ఇక బతికున్నవాళ్లు దొరుకుతారన్న ఆశ లేదు, మృతదేహాలు వెలికితీస్తున్నారు అని ఆ వాక్యం అర్థం. లోపల తమవాళ్లున్నారని ఎదురుచూస్తున్న కుటుంబం దాన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటుంది. అదే మాటకు విపత్తు నిర్వహణలో ఇళ్లూ రోడ్లూ మళ్లీ కట్టుకోవడమనే అర్థం కూడా ఉంది, కాబట్టి సందర్భం చూసుకోవాల్సిందే.

ఇక్కడ తప్పు మనవైపు కూడా ఉంది. ‘మృతదేహాన్ని గుర్తించారు’ అని పేపర్లు రాస్తాయి. ఎక్కడుందో కనిపెట్టారనా, ఎవరిదో తేల్చారనా? ఇంటర్‌పోల్ మార్గదర్శిలో ఇవి వేర్వేరు దశలు. ఘటనా స్థలంలో దొరికిన ప్రతి దేహానికీ, దేహభాగానికీ ముందు ఒక నంబరు మాత్రమే ఇస్తారు, పేరు పెట్టరు. వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ ప్రధాన ఆధారాలు. బతికున్నప్పటి వివరాలతో అవి సరిపోలాకే పేరు చెబుతారు. అందుకని మొదటిదానికి ‘వెలికితీశారు’, రెండోదానికి ‘ఎవరిదో నిర్ధారించారు’ అందాం. ‘గుర్తించారు’ను ఈ చోట పక్కన పెడదాం.

అదే సభ్యుడు: మరి ‘రికవర్డ్ మెమరీ’? నేను ‘తిరిగొచ్చిన జ్ఞాపకం’ అని రాశాను.

నా జవాబు: వైద్యం, కోర్టు రెండూ కలిసే చోటు అది, అందుకే అన్నిటికంటే ప్రమాదం. ‘తిరిగొచ్చిన’ అనగానే అది మొదట ఉండేదని ఒప్పుకున్నట్టే. 1990లలో అమెరికాలో థెరపీలో, అంటే మానసిక చికిత్సలో, గుర్తొచ్చాయన్న చిన్ననాటి అత్యాచారాల మీద కేసులు నడిచాయి. 1995లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ ఒక ప్రయోగం ప్రచురించారు. చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని, ఎన్నడూ జరగని సంగతిని ఇంటివాళ్లు చెప్పినట్టుగా 24 మందికి చదివించారు. సుమారు నాలుగో వంతు మంది అది పూర్తిగానో కొంతగానో గుర్తుందన్నారు. నిజంగా హింసకు గురై, ఏళ్ల తర్వాత నోరు విప్పినవాళ్లను ఈ ప్రయోగం అబద్ధాలాడుతున్నారని అనదు, మనమూ అనకూడదు. అనువాదకుడు తీర్పు చెప్పకుండా ఉంటే చాలు. ‘తర్వాత గుర్తొచ్చిందని చెప్పిన జ్ఞాపకం’ అని రాయండి. ‘అని చెప్పిన’ అన్న రెండు మాటలు స్థలం లేదని ఎడిటర్ కొట్టేస్తే, ఫోన్ చేసి మళ్లీ పెట్టించండి.