పెళ్లి డీవీడీలు, పాత టేపులు: ఏ ఫార్మాట్‌లో దాచుకోవాలి?

ప్రశ్న (నల్లగొండ): మా ఇంట్లో అక్క పెళ్లి నాటి డీవీడీలు, సద్దుల బతుకమ్మనాడు తీసిన మినీ డీవీ టేపులు ఉన్నాయి. వాటన్నింటినీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, పెన్ డ్రైవ్ ద్వారా అమ్మానాన్నలకు టీవీలో చూపించాలనుకుంటున్నాను. నాణ్యత తగ్గకుండా ఏ ఫార్మాట్ ఎంచుకోవాలో దయచేసి తెలపండి.

జవాబు (మహబూబ్‌నగర్): దాచుకునే ప్రతిని, చూసుకునే ప్రతిని వేరువేరుగా ఉంచుకోండి. డీవీడీలోని వీడియో ఇప్పటికే ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించి ఉంటుంది కాబట్టి, దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా (అంటే కుదించకుండా) యథాతథంగా ఎంకేవీ ఫైలులోకి మార్చుకుంటే నాణ్యత ఏమాత్రం తగ్గదు. మినీ డీవీ టేపును ఫైర్‌వైర్ (కెమెరాను కంప్యూటర్‌కు కలిపే కేబుల్) ద్వారా ఎక్కిస్తే గంటకు సుమారు 13 జీబీ అవుతుంది; ఎంత స్థలం పట్టినా ఆ ఫైలును మాత్రం చెరిపేయకండి. టీవీ కోసం హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియో, ఏఏసీ పద్ధతిలో కుదించిన ఆడియోతో ఎంపీ4 చేసుకోండి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎఫ్ (నాణ్యత స్థాయి) విలువ 18, 20 మధ్య పెట్టి, డీఇంటర్లేస్ (విడివిడి గీతలుగా ఉన్న బొమ్మను పూర్తి ఫ్రేముగా మార్చే ఎంపిక) తప్పక ఎంచుకోండి; లేకపోతే బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల చేతులు, కొంగులు అంచుల వద్ద దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి.

జవాబు (దేవరకొండ): హెచ్.264 తర్వాత వచ్చిన కుదింపు పద్ధతి హెచ్.265తో ఫైలు బాగా చిన్నదవుతుంది గానీ, పాత టీవీల్లో చాలావాటికి అది అర్థం కాదు. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. 720x576లో ఉన్న వీడియోను 1080కి పెంచితే మేలా?

జవాబు (మహబూబ్‌నగర్): అక్కర్లేదండీ. లేని వివరం పుట్టుకురాదు, ఫైలు మాత్రం పెరుగుతుంది. అసలు ప్రతులను మరో హార్డ్ డిస్క్‌లోకి కూడా కాపీ చేసి, దాన్ని అక్క ఇంట్లో ఉంచండి.