పోటీ కంపెనీలు రెండింటికీ ఒకే డైరెక్టరు: నిషేధం పెట్టాలా?

బరంపురం_లెక్కలు: గంజాం, గజపతి జిల్లాల్లో జీడిపిక్కలు కొనే రెండు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలు ఉన్నాయనుకోండి. రెండింట్లోనూ ఒకాయనే డైరెక్టరు. అమెరికాలో ఒక స్థాయి దాటిన కంపెనీలకు 1914 నాటి క్లేటన్ చట్టం 8వ సెక్షను దీన్ని నేరుగా అడ్డుకుంటుంది. మనకూ అలాంటిది రావాలి.

పర్లాకిమిడి_ఆడిటర్: అక్కర్లేదు గురువుగారూ. మన కంపెనీల చట్టంలో 184వ సెక్షను ఉంది కదా. డైరెక్టరు ఏటా తొలి బోర్డు మీటింగులో ఎంబీపీ-1 అనే ఫారం ఇవ్వాలి. తాను ఇంకే కంపెనీల్లో ఉన్నాడో, ఎక్కడ వాటా ఉందో అందులో రాయాలి. కాంట్రాక్టులో తన ప్రయోజనం దాస్తే 167వ సెక్షను కింద పదవే పోతుంది.

బరంపురం_లెక్కలు: 184(2) నెమ్మదిగా చదవండి. ఆ రెండు కంపెనీల మధ్య కాంట్రాక్టు బోర్డు ముందుకొస్తేనే అది వర్తిస్తుంది, అప్పుడే ఆ చర్చకు దూరంగా ఉండమంటుంది. రైతు దగ్గర పిక్కలు ఎంతకు కొనాలన్నది ఆ కాంట్రాక్టు కాదే! మీటింగుకు 7 రోజుల ముందే నోటీసు, అజెండా చేతికొస్తాయి. 80 కిలోల బస్తాకు ఎంతవరకు వెళ్లాలో అందులోనే ఉంటుంది. ఓటింగప్పుడు లేచి బయటికెళ్తే చదివింది మరిచిపోతాడా?

జయపురం_సెక్రటరీ: లేవక్కర్లేదు కూడా. 2015 జూన్ 5 నోటిఫికేషనుతో ప్రైవేటు కంపెనీలో తన ప్రయోజనం చెప్పేసి చర్చలో కూర్చోవచ్చు. ఖాతాలు, వార్షిక రిటర్ను దాఖలు చెయ్యని కంపెనీకి మాత్రం 2017 నుంచి ఆ సడలింపు లేదు. చాలామంది ఇది చూడరు.

పర్లాకిమిడి_ఆడిటర్: ధరలపై కుమ్మక్కైతే కాంపిటీషన్ చట్టం 3(3) సెక్షను పట్టుకుంటుంది. కార్టెల్, అంటే పోటీదారుల కుమ్మక్కు, అని తేలితే కుమ్మక్కు నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి 3 రెట్ల వరకు గానీ టర్నోవరులో 10 శాతం వరకు గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా.

బరంపురం_లెక్కలు: అక్కడ ఒప్పందం రుజువు చెయ్యాలి బాబూ. రెండు ధరలూ ఒకే బుర్రలో ఉంటే ఉత్తరమెందుకు, ఫోనెందుకు?

జయపురం_సెక్రటరీ: నిషేధం సంగతి ఢిల్లీ చూసుకుంటుంది. ఈలోగా కంపెనీల చట్టం 167(4) వాడుకోండి. డైరెక్టరు పదవి ఖాళీ కావడానికి అదనపు కారణాలు ప్రైవేటు కంపెనీ తన ఆర్టికల్స్‌లో, అంటే సొంత నియమావళిలో, పెట్టుకోవచ్చు. దాన్ని మార్చాలంటే వాటాదారుల స్పెషల్ రిజల్యూషను కావాలి, అంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం 3 రెట్లు. పాసయ్యాక 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రారు దగ్గర ఎంజీటీ-14 ఫారం వెయ్యాలి. ఆ కారణంలో ఉత్త ‘పోటీ కంపెనీలో డైరెక్టరైతే’ అని ఊరుకుంటే రేపు కోర్టులో అదే గొడవ. సరుకు పేరు, కొనే జిల్లాలు రాయండి.

పర్లాకిమిడి_ఆడిటర్: తాను తప్పుకుని బావమరిదిని కూర్చోబెడితే?

జయపురం_సెక్రటరీ: అందుకే ‘బంధువు’ అని వదిలెయ్యకూడదు. చట్టం ఇచ్చిన బంధువుల జాబితాలో అల్లుడున్నాడు, బావమరిది లేడు. ఆ వరస విడిగా రాయాల్సిందే.