అమెరికాకూ కాశీకీ ఒకే పెట్టె: హార్డ్ కొనాలా, సాఫ్ట్ కొనాలా?

నీలిగోదారి
అమ్మానాన్న హైదరాబాద్ నుంచి దోహా, డల్లాస్ మీదుగా అమెరికాలోని రాలీ వస్తున్నారు. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతిలో 7 కిలోలు. తిరిగి వెళ్లాక సికింద్రాబాద్ నుంచి రైల్లో కాశీ వెళ్తారు, థర్డ్ ఏసీ. రెండింటికీ పనికొస్తాయని 79 సెం.మీ. హార్డ్ (ప్లాస్టిక్ డొక్క) పెట్టెలు నాలుగు కొందామని నేనంటున్నా. తమ్ముడేమో సాఫ్టే (గుడ్డవే) కొనాలని పట్టుబట్టాడు. అమ్మానాన్నలిద్దరికీ 65 దాటాయి. సామానులో సగం పచ్చళ్లు, పొడులు, పిండివంటలు. తెలిసినవాళ్లు తేల్చండి.

కాటామాస్టర్
హార్డా సాఫ్టా అన్నది తర్వాత చూద్దాం, ముందు టేపు తీయండి. చెక్-ఇన్ పెట్టెకి పొడవు, వెడల్పు, లోతు మూడూ కలిపి 158 సెం.మీ. దాటకూడదు. అందులో చక్రాలు, పిడులు కూడా లెక్కే. 79 అని అమ్మే పెట్టెలు కొలిస్తే 79+54+32, అంటే 165 దగ్గర తేలేవి చాలా ఉంటాయి. కౌంటర్లో ప్రతి పెట్టెనీ కొలవరన్నది నిజమే. కానీ కొలిచినరోజు ఓవర్‌సైజు రుసుము మీ చేతే కట్టిస్తారు.

రెండోది బరువు. 79 సైజులో దాదాపు 100 లీటర్లు పడుతుంది. ఖాళీ పెట్టే 4 కిలోలు పోతే మీకు మిగిలేది 19. పచ్చళ్లు, పొడులు, బెల్లం లాంటివి లీటరుకి కిలోకి అటూఇటూ తూగుతాయి. సగం పెట్టె నిండేసరికే 23 దాటిపోతుంది, మిగతా సగం ఖాళీ. ఖాళీ ఉన్న హార్డ్ పెట్టెకి లోపల ఆసరా ఉండదు, పైన నాలుగు పెట్టెలు పడితే డొక్క లోపలికి పోతుంది. తిండి సామానుకి 69 సైజు చాలు, మూడు కొలతలూ కలిపినా 145 లోపే ఉంటుంది. పెద్దది బట్టలకి, దుప్పట్లకి.

అంటే రెండు 69లు, రెండు పెద్దవి. ఆ పెద్దవి కూడా కొలిచి, 158 లోపు ఉన్నవే.

జిప్పుసంగతి
సైజు విషయంలో మాస్టారితో పేచీ లేదు. కానీ తమ్ముడు చెప్పిందే రైటు, సాఫ్ట్ తీసుకోండి.

హార్డ్ పెట్టె పుస్తకంలా రెండు పలకలుగా తెరుచుకుంటుంది. నేలమీద రెట్టింపు జాగా కావాలి. ఎయిర్‌పోర్టులో బరువెక్కువైందని రెండు కిలోలు తీయమన్నారనుకోండి, పెద్దవాళ్లు లైనులో వంగి, పెట్టె మొత్తం పరిచి, చీరలన్నీ నలుగురి ముందు బయటపెట్టాలి. సాఫ్ట్‌కి ముందు జేబులుంటాయి, పై మూత ఒక్కటే తెరుచుకుంటుంది. తీసి మార్చే సామాను అక్కడే పెట్టుకోవచ్చు.

హార్డ్ అంటే దొంగలకి లొంగదు అనే భ్రమ కూడా వదలండి. డొక్క ప్లాస్టిక్కే గాని జిప్పు గుడ్డే కదా. మామూలు చుట్టల (నైలాన్ తీగ చుట్టి చేసిన) జిప్పుని బాల్‌పెన్ను మొనతో పొడిస్తే పళ్లు విడిపోతాయి, పని కానిచ్చి రన్నర్‌ని ఒకసారి అటూఇటూ లాగితే మళ్లీ మూసుకుంటుంది. తాళం వేసినట్టే కనిపిస్తుంది. దీనికి విరుగుడు డబుల్ లేయర్ జిప్పు, లేదంటే జిప్పే లేకుండా క్లిప్పులతో మూసే ఫ్రేమ్ పెట్టె. రెండూ రేటెక్కువ, ఫ్రేమ్‌ది బరువు కూడా ఎక్కువ.

కాటామాస్టర్
జిప్పు గురించి ఒప్పుకుంటా. మరి పచ్చడి సంగతేంటి? నీలిగోదారి వాళ్ల సామానులో సగం అదే.

సామాను వెళ్లే కార్గో గదిలో కూడా గాలి ఒత్తిడి నేలమీద ఉన్నంత ఉండదు, నాలుగోవంతు దాకా తగ్గుతుంది. సీసాలో మూత కింద మిగిలిన గాలి అక్కడ మూడోవంతు వరకు ఉబ్బుతుంది. ఉబ్బి, మూత మరలోంచి నూనెని బయటికి తోస్తుంది. మూత ఎంత బిగించినా కారడానికి కారణం ఇదే. సాఫ్ట్ బ్యాగులో కారితే లైనింగ్ పీల్చేస్తుంది. ఆవకాయ నూనె ఇక వదలదు, పక్క పెట్టెలకి కూడా అంటుతుంది. హార్డ్‌లో డొక్క అడుగున నిలుస్తుంది, తుడిచేస్తే పోతుంది.

పద్ధతి ఇది: సీసాలు, డబ్బాలు వద్దు. పచ్చడి మీద తేలే నూనె వంచేయండి. అరకిలో చొప్పున మందపాటి పౌచ్‌లో వేసి, గాలి మొత్తం నొక్కి తీసి, వేడి సీలు రెండు వరసలు వేయించండి. సీలు పడేచోట నూనె తడి ఉంటే అతుకు పట్టదు, ముందు శుభ్రంగా తుడవాలి. ఆ పౌచ్‌ని జిప్ కవర్లో, నాలుగు కవర్లు కలిపి ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. పెట్టె మధ్యలో, చుట్టూ తువ్వాళ్లు.

పచ్చడి చేతి సంచిలో పెట్టొద్దు, సెక్యూరిటీలో ఆపుతారు. ఎండుకొబ్బరి చిప్పలు చెక్-ఇన్‌లో కూడా పెట్టొద్దు. నూనె ఎక్కువ కాబట్టి దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల్లో లెక్క. పచ్చి కరివేపాకు అమెరికాలో రానివ్వరు. తిండి సామాను ఉందా అని కస్టమ్స్‌లో అడిగితే ఉందనే చెప్పమనండి.

జగిత్యాలోడు
అన్నా, గల్ఫ్ పోయేటోళ్లకు ఈ లెక్కలు పనికిరావు. అక్కడ చాలా టికెట్లకు పెట్టెల లెక్క కాదు, మొత్తం కిలోల లెక్క. 30 కిలోలంటే ఎన్ని సంచులైనా మొత్తం 30. అయినా ఒక్కటి మాత్రం 32 దాటొద్దు, మోసేటోళ్ల నడుములు కూడా చూడాలె గదా.

ఇంకోటి: బెడ్‌షీట్ల కట్టిన మూట, గుండ్రటి సంచి దుబాయ్‌ల తీసుకోరు. 2017 నుంచి అక్కడ రూలు, సామానుకు ఒక దిక్కన్న చదును ఉండాలె. గుండ్రంగ ఉన్నది బెల్టు మీద దొర్లి ఇరుక్కుంటది. అందుకే అట్టపెట్టె మంచిగ పనిచేస్తది. ఖాళీది మీ పెట్టె కంటే తేలిక, ఆ మిగిలిన బరువు సామాన్లకు పనికొస్తది. ఏడు పొరల అట్ట తీసుకొని, అడుగున అతుకు మీద టేపు అడ్డం నిలువు కొట్టి, మూలలకు కూడా చుట్టాలె. తాళ్లు కడితే బెల్టుల చిక్కుతయి, టేపే మేలు. వానల తడిస్తే ఖతం, అదొక్కటే బాధ. లోపల పెద్ద కవర్ వేసి నింపుండ్రి.

నీలిగోదారి
మా నాన్నగారు అట్టపెట్టె అంటే ఒప్పుకోరు గానీ, తిరిగి వెళ్లేటప్పుడు ఆలోచించొచ్చు. మరి కాశీ సంగతి? చక్రాలు నాలుగా, రెండా?

రైలుపెట్టె
ఈ చర్చలో జవాబిచ్చినవాళ్లెవరూ రైలు మాటెత్తలేదు, అందుకే వచ్చా.

రైల్వే నిబంధన ప్రకారం వెంట తీసుకెళ్లే పెట్టె 100 × 60 × 25 సెం.మీ. దాకా ఉండొచ్చు. థర్డ్ ఏసీకి, ఏసీ చైర్ కార్‌కి మాత్రం 55 × 45 × 22.5. థర్డ్ ఏసీలో ఉచితంగా తీసుకెళ్లే బరువు మనిషికి 40 కిలోలు. టీటీఈ టేపు పట్టుకు తిరగడు, అసలు చిక్కు బెర్తు కింద. 32 సెం.మీ. లోతున్న అమెరికా పెట్టె నిండుగా ఉంటే కిందికి దూరదు, దారిలో నిలబెడితే నాలుగు చక్రాలమీద బోగీ ఊగినప్పుడల్లా అదీ ఊగుతుంది. నాలుగు చక్రాలది వాలు దిగేటప్పుడు చెయ్యి వదిలితే నీకంటే ముందు పోతుంది.

కాశీలో గుడి చుట్టూ సందులు సన్నం, రాళ్లు పరిచినవి, మధ్యలో మెట్లు, మురుగు, ఆవులు. బండి లోపలికి రాదు. అక్కడ ఏ చక్రమూ పనిచెయ్యదు, మొయ్యాల్సిందే. కాబట్టి కాశీకి ఆ నాలుగు పెట్టెల్లో ఒక్కటీ వద్దు. మనిషికి 40 లీటర్ల డఫెల్ (పొడవాటి గుడ్డ సంచి), వీపుకి తగిలించుకునే పట్టీలున్నది, 8 కిలోలు మించకుండా. చవగ్గా దొరుకుతుంది, ఖాళీది కిలో, కిలోంబావు. ఇంట్లో మడిచి పెద్ద పెట్టెలోనే దాచుకోవచ్చు. బెర్తు కింద సామాను కట్టుకోవడానికి తీగ కొంకులుంటాయి, గొలుసుని పక్క పిడిలోంచి తీసి కట్టండి. జేబు జిప్పుల రింగుల్లోంచి కాదు.

రెండు యాత్రలకీ ఒకే పెట్టె అనే ఆలోచనే తప్పు. హార్డా సాఫ్టా అని కొట్టుకుంటున్నారు గానీ, ఎవరు ఎత్తుతారు, ఎక్కడ ఎత్తుతారు అన్నది ముందు అడగాలి.

జిప్పుసంగతి
రైలుపెట్టె గారూ, ఆ ప్రశ్న అమెరికాకి కూడా వర్తిస్తుంది. రాలీ టికెట్ అయినా డల్లాస్‌లో దిగగానే పెట్టెలు బెల్టు మీదనుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పజెప్పాలి. అంటే 23 కిలోలవి నాలుగు, కదిలే బెల్టు మీదనుంచి. అందుకే పక్క పిడి ఒక్కటే సరిపోదు, అడుగున కూడా చెయ్యి పట్టే పిడి ఉండాలి. వీల్‌చైర్ సాయం ముందే అడిగి పెట్టండి, తోసే మనిషి సామానుకీ చెయ్యేస్తారు. విమానాశ్రయం నున్నటి నేలమీద మాత్రం నాలుగు చక్రాలే మేలు. నిలువుగా తోసుకుంటూ పోవచ్చు, బరువు మణికట్టు మీద పడదు.

కాటామాస్టర్
ఇందులో తకరారు లేదు. నా మాట మాత్రం మారదు: పచ్చళ్ల రెండూ హార్డ్ 69, బట్టల రెండూ సాఫ్ట్. మీరూ మీ తమ్ముడూ చెరిసగం గెలిచారనుకోండి.

హార్డ్ కొనేటప్పుడు ఏ రకం ప్లాస్టిక్కో లేబుల్ చూడండి. ఏబీఎస్ గట్టిగా ఉంటుంది గాని చక్రం దగ్గర మూలన పగులుతుంది. పాలికార్బొనేట్ నొక్కితే వంగి మళ్లీ పైకి లేస్తుంది. ఏబీఎస్ మీద పాలికార్బొనేట్ పొర వేసి పాలికార్బొనేట్ పేరుతోనే అమ్మేవీ ఉన్నాయి. పాలీప్రొపిలీన్ కాస్త బరువు, దెబ్బకి ఓర్చుకుంటుంది. డొక్క మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి, కిర్రుమని తెల్లగీత పడితే పక్కన పెట్టేయండి. సాఫ్ట్‌లో గుడ్డకంటే ముందు పిడి కుట్లు చూడాలి. తెగేది అక్కడే. ఎక్స్‌పాండర్ జిప్పు తెరిచి నింపొద్దు: లోతు పెరిగి 158 దాటుతుంది, బరువు ముందుకి వచ్చి పెట్టె బోర్లా పడుతుంది.

తాళం టీఎస్ఏ (అమెరికా విమానాశ్రయాల భద్రతా సంస్థ) గుర్తున్నదే కొనండి. అక్కడ తనిఖీకి తీయాల్సివస్తే వాళ్ల దగ్గర తాళంచెవి ఉంటుంది, మామూలు తాళమైతే కోసేస్తారు. ఇంట్లో తూకం 23 పెట్టుకోవద్దు, 22 దగ్గర ఆపండి. అమెరికాలో కాటా పౌండ్లలో ఉంటుంది. 50 పౌండ్లంటే 22.7 కిలోలే.

నీలిగోదారి
పవర్ బ్యాంకు? నాన్నగారి దగ్గర 20,000 ఎంఏహెచ్‌ది ఉంది.

కాటామాస్టర్
చేతి సంచిలోనే, చెక్-ఇన్‌లో అస్సలు వద్దు. 20,000ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు. 100 దాకా పర్వాలేదు. బ్యాటరీ ఉన్న స్మార్ట్ పెట్టెలకీ ఇదే తంటా, బ్యాటరీ ఊడదీయడానికి వీల్లేనివి కొనొద్దు.

రైలుపెట్టె
ఒక సంగతి మిగిలింది. ఇంట్లో ఏళ్ల తరబడి అటకమీద ఉన్న పాత పెట్టెలు వాడదామనుకుంటే, ముందురోజు దించి చూడకండి, నెలముందే దించండి. చక్రం పైన ఉండే మెత్తటి పొర పాలీయూరిథేన్. వాడకపోయినా గాలిలో తేమకి కుళ్లుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, గోటితో గీరితే జిగటగా ముక్కలు రాలతాయి. విశాఖ, కాకినాడ వైపు ఇంకా తొందరగా. సాఫ్ట్ బ్యాగు లోపలి పూత కూడా అంతే, బట్టలకి అంటుకుంటుంది. చక్రాలు మాత్రం మార్చుకోవచ్చు: ఇరుసు స్క్రూతో బిగించి ఉంటే పది నిమిషాల పని, రివెట్ అయితే రంపంతో కోసి కొత్త ఇరుసు వెయ్యాలి. పాత చక్రం వ్యాసం, వెడల్పు మి.మీ.లో కొలుచుకుని వెళ్లండి, బ్యాగులు రిపేరు చేసే షాపుల్లో దొరుకుతాయి.

దారిలో పెట్టె విరిగితే బయటికి రాకముందే బెల్టు దగ్గరి కౌంటర్లో ఫిర్యాదు రాయించండి. అంతర్జాతీయ ప్రయాణంలో నష్టం గురించి 7 రోజుల్లోపు ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఇంటి దగ్గర పెట్టె సర్దేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసిపెట్టుకుంటే అప్పుడు వాదించే పని ఉండదు.

నీలిగోదారి
సరే. 69 హార్డ్ రెండు, సాఫ్ట్ రెండు, డఫెల్ రెండు. టేపు పట్టుకునే షాపుకి వెళ్తాం. తమ్ముడికి ఈ లింకు పంపా. సాఫ్ట్ రెండున్నాయి కాబట్టి తనే గెలిచానంటున్నాడు.