హెరాన్ డ్రోన్ల దగ్గర పనిచేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి

ఎచ్చెర్ల_కుర్రాడు:
మా తమ్ముడు నేవీలో చేరాడు. యూఏవీ (డ్రోన్ల) స్క్వాడ్రన్‌కి పంపొచ్చు అంటున్నారు. "మనిషే ఎక్కని విమానం, ఏసీ గదిలో కూర్చునే పని" అని ఇంట్లో అందరూ తేలిగ్గా మాట్లాడుతున్నారు. ఇజ్రాయెల్ ఐఏఐ కంపెనీ సెర్చర్, హెరాన్‌ల దగ్గర పనిచేసినవాళ్లు అసలు సంగతి చెప్పగలరా?

కొచ్చి_మాజీ:
తమ్ముడూ, నేవీ మొదటి యూఏవీ స్క్వాడ్రన్ ఐఎన్ఏఎస్ 342 కొచ్చిలోనే 2006లో మొదలైంది. నేనూ అక్కడే పనిచేశాను. ఎక్కడ ఏం చూశామన్నది రాయను, పని ఎలా ఉంటుందో చెప్తాను. ఒకరు విమానం నడుపుతారు, పక్కన ఒకరు కెమెరా, రాడార్ చూస్తారు. బయట ఇంజిన్ వాళ్లు, డ్రోన్‌తో సిగ్నల్ సంబంధం (లింక్) చూసేవాళ్లు. హెరాన్ ఒకసారి లేస్తే రోజంతా గాల్లో ఉండగలదు, సీట్లో మనిషి ఉండలేడు కదా. అందుకే అది పైన ఎగురుతుండగానే డ్యూటీ మారాలి. నాకు అన్నిటికన్నా టెన్షన్ అక్కడే. ఏ పడవ మీద కన్నేశాం, ఎందుకు వేశాం, గాలి ఎటు మారింది, ఇందాక ఏ హెచ్చరిక వచ్చి పోయింది, అన్నీ అప్పజెప్పి లేవాలి.

సముద్రం మీద గంటల తరబడి ఏమీ ఉండదు. ఉన్నట్టుండి చేపల పడవల గుంపు వస్తుంది. రాత్రి వేడిని పట్టి చూపే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో అన్నీ తెల్ల మచ్చలే. వల లాగుతోందా, ఊరికే ఆగిందా అన్నది చూసి చూసి కన్ను అలవాటు పడితే గానీ తెలియదు.

రోటాక్స్_మెకానిక్:
సార్ చెప్పింది నిజం. నాది ఇంజిన్ పని. హెరాన్‌కి ఆస్ట్రియా రోటాక్స్ 914 ఇంజిన్, 115 హార్స్‌పవర్. అమెరికా ప్రిడేటర్ డ్రోన్‌కీ, ఇజ్రాయెల్‌దే అయిన హెర్మిస్ 900 డ్రోన్‌కీ ఇదే. గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే టర్బో ఉండబట్టే గాలి పలచబడిన ఎత్తులో కూడా లాగుతుంది. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 16.6 మీటర్లు, బరువేమో టన్ను చిల్లర. అడ్డగాలి వీస్తే ల్యాండింగ్ అయ్యేదాకా ఎవరం మాట్లాడేవాళ్లం కాదు.

ఆదిభట్ల_కాంపోజిట్స్:
హెర్మిస్ వేరే కంపెనీది, ఎల్బిట్‌ది. అదానీతో కలిసి వాళ్లు పెట్టిన ప్లాంట్ 2018 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది. హెర్మిస్ 900కి మన దేశపు రూపమైన దృష్టి-10 డ్రోన్‌ని 2024 జనవరిలో నేవీ చీఫ్ ఇక్కడే జెండా ఊపి పంపారు. నేను చేసేది విమాన విడిభాగాల యూనిట్‌లో. కార్బన్ ఫైబర్ పొరల మధ్య గాలి బుడగలు హద్దు మించి మిగిలితే ఆ భాగం పక్కన పడేయాల్సిందే.

లేహ్_సిగ్నల్స్:
కొండల్లో పెద్ద బాధ లింక్. యాంటెన్నాకీ డ్రోన్‌కీ మధ్య కొండ అడ్డొస్తే సిగ్నల్ పోతుంది. 2017లో సిక్కిం వైపు మన డ్రోన్ ఒకటి కంట్రోల్‌తో సంబంధం తెగి చైనా వైపు వెళ్లి పడింది. సాంకేతిక లోపమని ప్రభుత్వమే చెప్పింది. ఉపగ్రహ లింక్ ఉన్న హెరాన్ మార్క్ 2 విలువ కొండల్లో పనిచేసినవాళ్లకి బాగా తెలుసు.

ఎచ్చెర్ల_కుర్రాడు:
అందరికీ థాంక్స్. మరి ఆయుధాల సంగతేంటి సార్?

కొచ్చి_మాజీ:
మేం చేసింది నిఘా మాత్రమే. అదే కుటుంబంలో హెరాన్ టీపీ చాలా పెద్దది, 26 మీటర్ల రెక్కలు, ఆయుధాలు మోయగలదు. 2024 అక్టోబర్‌లో అమెరికాతో ఒప్పందమైన 31 ఎంక్యూ-9బీ డ్రోన్లలో 15 నేవీకే. అవీ ఆయుధాలు మోసేవే. అంటే చూడటంతో పని అయిపోని రోజులు మీ తమ్ముడి తరానికి రావచ్చు. తెర మీద గంటలకొద్దీ చూసిన మనిషి మీదే దాడి చేసి, డ్యూటీ దిగి ఇంటికెళ్లి అన్నం తినడం అమెరికాలో చాలామంది డ్రోన్ సిబ్బందిని మానసికంగా దెబ్బతీసింది. కాబట్టి ఇంట్లో వాళ్లకి గట్టిగా చెప్పు, ఆ కుర్రాడు సెలవుకొచ్చినప్పుడు "ఏసీ ఉద్యోగం" అని ఆటపట్టించొద్దని. రాత్రి డ్యూటీలకి ఇప్పటినుంచే అలవాటు పడమను, రేడియోలో పొట్టిగా, స్పష్టంగా మాట్లాడటం సాధన చేయమను. ట్రైనింగ్ గురించి ఏం అడగాలన్నా ఇక్కడే రాయమను, నేను చూస్తుంటాను.