నరం నొక్కుకుంటే వెంటనే ఆపరేషనా, కొన్నాళ్లు ఆగాలా?

ఉల్లి యార్డు తమ్ముడు, కర్నూలు

మా అన్న ఇక్కడి మార్కెట్ యార్డులో హమాలీ. ఉల్లిగడ్డల మూటలు మోసే పని. నెల దాటింది, నడుము నుంచి ఎడమ పిక్క పక్కగా బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు లాగుతోంది. దగ్గినా, తుమ్మినా ప్రాణం పోతోందంటాడు. ఎమ్మారైలో నడుము కింది వెన్నుపూసల (ఎల్4-ఎల్5) మధ్య ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని వచ్చింది. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నారు, ఇంకొకరు ఆగమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టుకు తీసుకుపోదాం అంటున్నారు. కాలి బలం తగ్గలేదు, ఒంటికి, దొడ్డికి ఇబ్బంది లేదు. మీరేమంటారు?

అనంత ఫిజియో

తమ్ముడూ, మీరు చివర రాసిన వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. బలం తగ్గకుండా నొప్పి మాత్రమే ఉంటే ఆగడానికి వీలుంది. డిస్క్ జారి వచ్చే సయాటికా, అంటే ఇలా నడుము నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి, ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో బాగా తగ్గుముఖం పడుతుంది. బయటికి వచ్చిన డిస్క్ ముక్కను శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. పెద్ద ముక్కలు కూడా చాలాసార్లు ఇలాగే తగ్గుతాయి. కాబట్టి రిపోర్టులో రాసిన మాటలు చూసి బెంబేలు పడకండి. ఏ నొప్పీ లేనివాళ్లకు ఎమ్మారై తీసినా డిస్క్ ఉబ్బు కనిపించడం మామూలే, వయసు పెరిగేకొద్దీ మరీ మామూలు.

అలాగని మంచానికి కట్టేయొద్దు. నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగుల మీద చేసిన పరిశీలన 1999లో వచ్చింది. రెండు వారాలు పడుకోబెట్టినవాళ్లకీ, మామూలుగా తిరగమన్నవాళ్లకీ 12 వారాల తర్వాత తేడా లేదు. రెండు పక్కలా 87 శాతం మందికి మెరుగైంది. కొంచెం కొంచెం దూరం రోజుకు నాలుగైదుసార్లు నడిపించండి. వంగి బరువు ఎత్తడం, గంటల తరబడి కూర్చోవడం మాన్పించండి. వ్యాయామం చేస్తుంటే నొప్పి పాదం వదిలి నడుము వైపు వెనక్కి వస్తే అది మంచి గుర్తు. కిందికి పాకితే ఆ వ్యాయామం ఆపేయాలి.

నాపరాయి ఇల్లాలు, కడప

ఫిజియో గారూ, మీరు చెప్పింది నిజమే కానీ అది నెల జీతం వచ్చేవాళ్లకు సులభం. మా ఆయన క్వారీలో నాపరాళ్లు ఎత్తే పని చేసేవారు. ఆగమన్న నెలల్లో ఇల్లు ఎలా గడిచిందో నాకు తెలుసు. వడ్డీకి తెచ్చాం, పిల్ల ఫీజు ఆపాం. చివరికి ఆపరేషన్ చేయిస్తే కాలి లాగుడు కొద్ది రోజుల్లోనే పోయింది.

అదే నెదర్లాండ్స్‌లో 283 మంది మీద చేసిన ఇంకో పరిశీలన 2007లో వచ్చింది. ముందే ఆపరేషన్ చేసినవాళ్లు సగటున 4 వారాల్లో కోలుకుంటే, ఆగినవాళ్లకు 12 వారాలు పట్టింది. ఆగినవాళ్లలో ఏడాదిలోపు 39 శాతం మంది చివరికి ఆపరేషన్‌కే వెళ్లారు. కూలి మనిషికి ఆ 8 వారాలు చిన్న విషయం కాదు. ఆగమని చెప్పేవాళ్లు ఆ పూట బియ్యం గురించి కూడా ఆలోచించాలి.

అనంత ఫిజియో

అక్కా, మీ బాధ అర్థమైంది, ఆ లెక్కలూ సరైనవే. కానీ అందులో తీసుకున్నవాళ్లంతా అప్పటికే 6 నుంచి 12 వారాలు నొప్పి పడ్డవాళ్లు. ఈ తమ్ముడి అన్న ఇంకా అక్కడికి రాలేదు. పైగా ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆపరేషన్ అయినా మరుసటి వారమే మూట భుజానికెత్తలేరు. కొందరికి అదే చోట మళ్లీ జారుతుంది. కార్డు మీద ఆపరేషన్ ఉచితంగా జరిగినా పోయిన కూలి ఎవరూ ఇవ్వరు.

ప్రొద్దుటూరు పెద్దాయన

అబ్బాయిలూ, పుత్తూరు కట్టును అంత తేలిగ్గా తీసేయొద్దు. మా అమ్మ చెయ్యి విరిగితే అక్కడే కట్టించాం, చక్కగా అతికింది. తరాలుగా చేస్తున్న పని అది. నడుముకు మాత్రం ఎందుకు పనికిరాదు?

అనంత ఫిజియో

పెద్దాయనా, విరిగిన ఎముక కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. అందుకే కట్టు పనిచేస్తుంది. ఇక్కడ ఎముక విరగలేదు, డిస్క్ లోపలి మెత్తటి పదార్థం బయటికొచ్చి నరం మీద పడింది. దాన్ని కట్టు లోపలికి నెట్టలేదు. నాకు అసలు భయం వేరే. కొన్నిచోట్ల నడుము తొక్కి, మెలిపెట్టి సరిచేస్తామంటారు. నరం నొక్కుడు మీద ఉన్నప్పుడు అలా చేస్తే కాలు పడిపోయే ప్రమాదం ఉంది. పేరు లేని పొట్లం మందులు కూడా వద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, తర్వాత ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది.

ప్రొద్దుటూరు పెద్దాయన

తొక్కించడం నేనూ ఒప్పుకోను. నూనె రాసి వేడి కాపడం పెట్టడం వరకైతే తప్పు లేదు కదా?

అనంత ఫిజియో

లేదు. కండరాల బిగుతు తగ్గి హాయిగా ఉంటుంది. తిమ్మిరి ఉన్న చోట మాత్రం వేడి తెలియక చర్మం కాలుతుంది, చూసుకోండి.

ఉల్లి యార్డు తమ్ముడు, కర్నూలు

అన్నకు నరాల నొప్పికని ప్రెగాబాలిన్ మాత్ర రాశారు. వేసుకుంటే తల తిరుగుతోందంటున్నాడు.

అనంత ఫిజియో

ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగులకు ఇచ్చి చూశారు, 2017లో ఫలితం వచ్చింది. మందు లేని ఉత్త మాత్ర కంటే నొప్పి ఏమీ ఎక్కువ తగ్గలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, రాసిన డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోండి. తల తిరుగుతుంటే మూట జోలికి అసలు పోనివ్వొద్దు.

నాపరాయి ఇల్లాలు, కడప

తమ్ముడూ, ఆగుతామంటే ఆగండి. కానీ గడువు పెట్టుకుని ఆగండి. 6 వారాలు నిండాక కూడా నిద్ర పట్టనంత నొప్పి ఉంటే సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లి ఆపరేషన్ సంగతి గట్టిగా అడగండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు, ఓడిపోయినట్టూ కాదు. రోజూ అన్నను మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు నడిపించండి. పాదం పైకి లేవకుండా జారిపోతుంటే ఇక ఆగే మాట లేదు. తొడల సందున మొద్దుబారినా, ఒంటికి రాకపోయినా, తెలియకుండానే ఒంటికి, దొడ్డికి అయిపోతున్నా, రెండు కాళ్లూ బలహీనమైనా అర్ధరాత్రైనా సరే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఆలస్యమైతే ఆ నరాలు మళ్లీ పూర్తిగా కోలుకోకపోవచ్చు.

అనంత ఫిజియో

ఈ విషయంలో అక్క మాటే నా మాట.

ఉల్లి యార్డు తమ్ముడు, కర్నూలు

ఇప్పుడే నడిపించాను, మడమల మీద బాగానే నడిచాడు. 6 వారాల దాకా చూస్తాం. అంతవరకు కాటా దగ్గర చీటీలు రాసే పని ఇమ్మని మేస్త్రీని అడుగుతున్నాం. కూలి సగమే వస్తుంది కానీ పూర్తిగా ఖాళీ ఉండడు.

అనంత ఫిజియో

మంచి పని. కూర్చుని రాయడమైతే అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి. కుదిరితే నిలబడే రాయమనండి.

నాపరాయి ఇల్లాలు, కడప

మేస్త్రీ ఒప్పుకోకపోతే యార్డులో హమాలీల సంఘం వాళ్లతో మాట్లాడించండి. నలుగురు కలిసి అడిగితే ఇస్తారు.