రవివర్మను ‘స్వయంశిక్షితుడు’ అనడం న్యాయమేనా?

నల్లబల్ల:
ముప్ఫై ఏళ్లు బడిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. రాజా రవివర్మ గురించి తెలుగులో వచ్చే ప్రతి వ్యాసంలోనూ ఆయన తైలవర్ణాలను ‘ఎవరి దగ్గరా నేర్వకుండా’ సాధించాడని రాస్తుంటారు. ఈ మాట నాకు మొదటి నుంచీ సమ్మతం కాదు. 1848లో కిళిమానూరులో పుట్టిన ఆ పిల్లవాడికి తొలి పాఠాలు చెప్పినవాడు మేనమామ రాజరాజవర్మ. పద్నాలుగో ఏట తిరువనంతపురం తీసుకువెళితే మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆదరించాడు. నీటిరంగుల పని ఆస్థాన చిత్రకారుడి దగ్గర అబ్బింది. 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు అంతఃపురానికి వచ్చి చిత్రాలు వేస్తుంటే, దగ్గర కూర్చుని చూసే అవకాశమూ దొరికింది. ఇన్ని వాకిళ్లు తెరిచి ఉన్న మనిషిని గురువు లేనివాడనడం, ఒక్క వాకిలీ లేక నేర్చుకున్నవారి పట్ల అన్యాయం కాదా? సభ్యులు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

అవిసెనూనె:
మాస్టారూ, నేను పగలు గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఇరవై ఏళ్లుగా తైలవర్ణాలు వేస్తున్నాను, ఏ కళాశాలలోనూ చదవలేదు. అందువల్ల మీ వాదంలో ఒక చోట ఆగిపోయాను. చూడనివ్వడమూ నేర్పడమూ ఒకటి కావు.

నా మొదటి పెద్ద చిత్రం మా అమ్మది. వెనకభాగాన్ని, ముఖాన్ని నూనె బాగా పోసి దళసరిగా వేశాను. వారం తిరగకుండానే దాని మీద టర్పెంటైను ఎక్కువ కలిపిన పలచని రంగుతో మెరుగులు దిద్దాను. ఆ రోజు చిత్రం ఎంతో బాగుంది. రెండేళ్లకు అమ్మ నుదుటి మీద సన్నని బీటలు లేచాయి. నీటిరంగులో తేమ ఆవిరై పోతుంది కాబట్టి రంగు ఆరుతుంది. అవిసె నూనె అలా కాదు, గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది, లోపలి పొర నెలల తరబడి కదులుతూనే ఉంటుంది. అందుకే కింది పూతలో నూనె తక్కువగానూ పైకి వెళ్లేకొద్దీ ఎక్కువగానూ ఉండాలి. నేను దాన్ని తలకిందులు చేశాను. పైపొర ముందు బిగుసుకుంది, కిందిది ఇంకా కదులుతోంది, మధ్యలో చిత్రం చీలింది.

ఇప్పుడు జెన్సన్ పక్కన కూర్చున్న ఇరవై ఏళ్ల యువకుణ్ణి తలచుకోండి. చెయ్యి ఎలా తిరుగుతోందో అతనికి కనిపిస్తుంది. సీసాలో ఏది ఎంత కలిపారో, నిన్నటి పూత ఎన్నాళ్లు ఆరిందో కనిపించదు. జెన్సన్ చూడనిచ్చాడే గాని నేర్పలేదనీ, తైలవర్ణాలు తెలిసిన రామస్వామి నాయకర్ నేర్పడానికి ఒప్పుకోలేదనీ, ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్ళై తనకు తెలిసింది రహస్యంగా చెప్పాడనీ జీవితచరిత్రకారులు రాశారు. వాకిళ్లన్నీ తెరిచే ఉంటే రహస్యం ఎందుకు? అక్కడి నుంచి 1873 వియన్నా ప్రదర్శనలో బహుమతి పొందేదాకా నడిచిన అయిదేళ్లు ఆయన సొంత కష్టమే.

పాత క్యాలెండరు:
మా ఇంటి దేవుడి గూట్లో ఇప్పటికీ రవివర్మ సరస్వతే ఉంది కాబట్టి నాకూ ఈ విషయం మీద మమకారం ఉంది. కానీ పోల్చి చూడడానికి ఫ్రెంచి చిత్రకారుడు అన్రీ రూసోను తెస్తాను. ఆయన పారిస్‌లో సుంకం వసూలు చేసే చిరుద్యోగి, 1893లో నలభై తొమ్మిదో ఏట ఆ కొలువు వదిలి పూర్తిగా చిత్రాలకే అంకితమయ్యాడు. ఫ్రాన్సు దాటి వెళ్లకుండానే, పారిస్‌లోని వృక్షశాలలో చూసిన మొక్కలతో తన అడవులు కట్టుకున్నాడు. ప్రకృతి తప్ప నాకు గురువు లేడన్న ఆయనే అప్పటి పేరున్న చిత్రకారుడు జెరోమ్ నుంచి కొంత సలహా పొందినట్టు ఒప్పుకున్నాడు. పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో పాత చిత్రాలకు నకళ్లు తీసుకోవడానికి 1884లో అనుమతీ సంపాదించాడు. అంటే మాస్టారు అడిగినట్టు ఒక్క వాకిలీ లేనివాడు చిత్రకళలో దొరకడం కష్టం.

నాకు తోచిన తేడా ఒకటుంది. రూసో మనుషుల పాదాలు నేల మీద ఆనవు, గాలిలో తేలినట్టుంటాయి. అది తప్పని చెప్పి మార్పించగలిగినవారు ఎవరూ లేకపోవడంతో ఆ లక్షణం అలాగే నిలిచి, చివరికి ఆయన సొంత బాణీ అయింది. 1908లో పికాసో ఆయన గౌరవార్థం విందు చేసింది ఆ బాణీని మెచ్చే. రవివర్మ మాత్రం తన తప్పును ఐరోపా చిత్రంతో పోల్చి చూసుకుని తానే దిద్దుకున్నాడు. దిద్దేవాడు లేకపోవడం ఇద్దరికీ సమానమే గాని, ఆ లోటు ఇద్దరినీ చెరో వైపు నడిపింది.

నల్లబల్ల:
అవిసెనూనె గారూ, మీ బీటల సంగతి చదివాక ‘అన్ని వాకిళ్లూ తెరిచి ఉన్నాయి’ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మీరు చెప్పినదే నా అభ్యంతరాన్ని బలపరుస్తోంది. రహస్యంగా చెప్పినంత మాత్రాన ఆరుముగం పిళ్ళై గురువు కాకుండా పోతాడా? గురువు కోపానికి వెరవక చెప్పిన మనిషి ఆయన. ‘స్వయంశిక్షితుడు’ అనే ఒక్క మాట ఆయన పేరును తుడిచేస్తుంది. తమ్ముడు సి. రాజరాజవర్మ సంగతీ అంతే, 1905లో కన్నుమూసేదాకా అన్న వెంటే ఉండి పనిలో పాలుపంచుకున్నాడు. ఈ పేర్లు మన వ్యాసాల్లో ఎన్నిసార్లు కనిపిస్తాయి? రవివర్మ ప్రతిభను తగ్గించాలన్నది నా ఉద్దేశం కాదు, ఆ చుట్టూ ఉన్న చేతులు కనిపించాలన్నదే నా తాపత్రయం.

అవిసెనూనె:
మాస్టారూ, ఒక్క మాట చెప్పినవారిని గురువు అనాలా, ఏళ్ల తరబడి తప్పు దిద్దినవారినే అనాలా అన్న చోట మన ఇద్దరికీ ఇంకా తేడా ఉంది. రెండోదే సరైనదని ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా మీ జవాబు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ చిత్రం ఎందుకు బీటలు తీసిందో నాకు పుస్తకంలో దొరకలేదు. మా వీధి చివర షట్టర్ల మీద అక్షరాలు రాసే బోర్డు ఆర్టిస్టు ఒకాయన ఆ చిత్రాన్ని గోటితో గీకి చూసి, “కింద పచ్చిగా ఉండగా పైన వేశావు బాబూ, ఎనామిల్ అయినా ఇంతే” అన్నాడు. మొన్న మా ఊళ్లో చిన్న ప్రదర్శన పెట్టినప్పుడు నా పేరు కింద ‘స్వయంకృషితో నేర్చుకున్న చిత్రకారుడు’ అని రాయించుకున్నాను. ఆయన వచ్చి, ఆ అట్ట చదివి, చిత్రాలు బాగున్నాయని చెప్పి వెళ్లాడు.